ఆసుపత్రులలో ఫిజియోథెరపిస్టు ఉద్యోగము: మన పిల్లలకు కావలసిన అర్హతలు

పదవ తరగతి ఫలితములు వెలువడిన ప్రతి వేసవిలోను మన నేత కుటుంబములలో ఒకే ప్రశ్న వినబడుచుండును: "పిల్లను ఏ చదువులో చేర్పించుదుము?" డాక్టరు చదువుకు మార్కులు చాలవు, మార్కులున్నను డబ్బు చాలదు. అట్టి సమయమున ఎవరో ఒకరు ఫిజియోథెరపీ పేరు చెప్పుదురు. మరునాడే ఇంకొకరు "ఆరు నెలలలో సర్టిఫికెట్టు, వెంటనే ఆసుపత్రిలో ఉద్యోగము" అను కరపత్రమును చేతిలో పెట్టుదురు. ఈ రెండును ఒకటే అనుకొని ఫీజు కట్టిన కుటుంబము, ధనముతోపాటు పిల్లల వయస్సును కూడ పోగొట్టుకొనును. కావున ఆసుపత్రిలో ఫిజియోథెరపిస్టుగా పనిచేయుటకు నిజముగా ఏ అర్హతలు కావలెనో, ఏవి పనికిరావో మన పాఠకులకు తెలుపుట అవసరమని తలచితిమి.

ఈ వృత్తి ఎట్టిది?

ఫిజియోథెరపీ అనగా మందులతో గాక వ్యాయామము, చేతి ఒడుపు, వేడి, చలువ, విద్యుత్తు మున్నగు సాధనములతో అవయవముల కదలికను తిరిగి తెప్పించు చికిత్స. దీనిని మాలీషు పని యని భావించువారు నేటికిని కలరు. అది పొరపాటు. పక్షవాతము వచ్చిన మనిషిని మంచముమీద సరిగా పడుకోబెట్టుట మొదలు, కూర్చుండబెట్టి, నిలబెట్టి, అడుగు వేయించువరకు ఈ చికిత్సకుని పాత్ర యుండును. మోకాలి కీలు మార్పిడి జరిగిన రోగిని అనేక ఆసుపత్రులలో ఆ మరునాడే లేపి నిలబెట్టుదురు. ప్రక్కన నుండువాడు ఫిజియోథెరపిస్టే. తీవ్ర చికిత్సా విభాగములో కృత్రిమ శ్వాసపై నున్నవారి ఊపిరితిత్తులలో కఫము పేరుకొనకుండ చూచుట, కాలిన గాయములు మానునపుడు చర్మము ముడుచుకొని కీలు బిగియకుండ కాపాడుట, కాలు పోయినవారికి కృత్రిమపు కాలితో నడక నేర్పుట, పుట్టుకతో కండరములు బిగిసిన పసివారికి వ్యాయామము చేయించుట ఇవన్నియు ఆసుపత్రి పనులే.

మన దేశములో ఈ విద్యకు బీజము వేసినది పోలియో వ్యాధి. 1950 దశాబ్దపు తొలి సంవత్సరములలో, ప్రపంచ ఆరోగ్య సంస్థ సహాయముతో, బొంబాయి కింగ్ ఎడ్వర్డ్ స్మారక ఆసుపత్రిలో ఫిజియోథెరపీ పాఠశాల ప్రారంభమైనది. 1955లో భారత ఫిజియోథెరపిస్టుల సంఘము ఏర్పడినది. 2014 మార్చిలో భారతదేశము పోలియో లేని దేశముగా ధ్రువీకరింపబడినది. వ్యాధి పోయినను వృత్తి పోలేదు. రోడ్డు ప్రమాదములు, పక్షవాతము, కీళ్ల అరుగుదల, గుండె శస్త్రచికిత్సలు పెరిగినకొలది దాని అవసరము హెచ్చినది.

మగ్గమునకు దీనితో గల సంబంధము

మన కుటుంబములకు ఈ విద్య పరాయిది కాదు. గుంటమగ్గములో కాళ్లు దించి, నడుము ముందుకు వంచి, ఉదయము మొదలు సాయంకాలమువరకు కూర్చుండువాని నడుము సంగతి, మెడ సంగతి మనకు ఎవరును చెప్పనక్కరలేదు. పోచంపల్లి చీరలకు ఆసు పోయుటలో చేయి దినమునకు వేలసార్లు అటునిటు ఆడవలెను. తన తల్లి లక్ష్మి భుజపు బాధను చూడలేకయే చింతకింది మల్లేశము ఆసు యంత్రమును నిర్మింప పూనుకొని, 1999లో పూర్తిచేసి, దానికి ఆమె పేరే పెట్టెను. 2017లో ప్రభుత్వము ఆయనకు పద్మశ్రీ నిచ్చినది. యంత్రము క్రొత్త బాధను తప్పించును. పాత బాధను తగ్గించుటకు మరియొకరు కావలెను. మగ్గము ఎరిగిన ఇంటిలో పుట్టిన పిల్ల ఆ పని నేర్చినచో, నేతగాడు "నడుము నొప్పి" అనగానే "ఎన్ని గంటలు కూర్చుందురు? కాలు ఏ చెక్కమీద ఉండును? పలక ఏ చేతితో లాగుదురు?" అని అడుగగలదు. పుస్తకమొక్కటే చదివినవారికి తోచని ప్రశ్నలివి.

ఇంకొక సౌలభ్యము కూడ కలదు. షోలాపురములోని మన పిల్లలు ఇంటిలో తెలుగు, వీధిలో మరాఠీ, బడిలో హిందీ ఎరుగుదురు. బరంపురములో ఒరియా, కంచిలో తమిళము, బళ్లారిలో కన్నడము అట్లే వచ్చును. "కాలు ఇంకొంచెము ఎత్తండి, భయపడకండి" అను మాట రోగి భాషలో చెప్పగలుగుట ఈ వృత్తిలో సగము బలము.

చదువు

ఆసుపత్రి ఉద్యోగమునకు పునాది అర్హత బ్యాచిలర్ ఆఫ్ ఫిజియోథెరపీ, అనగా బి.పి.టి. డిగ్రీ. మహారాష్ట్రలో దీనినే బి.పి.టి.హెచ్. అందురు. దీనిలో చేరుటకు పదవ తరగతి పిమ్మట భౌతిక, రసాయన, జీవశాస్త్రములు గల 12వ తరగతి, లేక ఇంటరు బై.పి.సి. ఉత్తీర్ణులు కావలెను. సాధారణముగా 17 సంవత్సరముల వయస్సు నిండవలెను. ఈ శాస్త్రములలో కావలసిన కనీస మార్కులు, వెనుకబడిన తరగతులకు సడలింపు ఆయా రాష్ట్రపు ప్రకటనలో నుండును. జీవశాస్త్రము వదలి లెక్కల వైపు పోయిన పిల్లలకు ఈ ద్వారము చాలవరకు మూసుకొనును. కావున నిర్ణయము పదవ తరగతి పిమ్మటనే జరుగవలెను.

చాలకాలము ఈ కోర్సు నాలుగు సంవత్సరముల చదువు, ఆపైన ఆరు నెలల ఇంటర్న్‌షిప్పుగా నుండెను. 2025లో వెలువడిన క్రొత్త పాఠ్యప్రణాళికలో ఇంటర్న్‌షిప్పును సంవత్సరమునకు పెంచి, మొత్తము 5 సంవత్సరములు చేసిరి. శరీర నిర్మాణము, శరీర ధర్మములు, కదలికల శాస్త్రము, వ్యాయామ చికిత్స, విద్యుత్ చికిత్స, ఎముకల వ్యాధులు, నరముల వ్యాధులు, గుండె ఊపిరితిత్తుల వ్యాధులు ఇందలి ముఖ్య పాఠములు. మొదటి సంవత్సరపు శరీర నిర్మాణ శాస్త్రము మిక్కిలి కష్టమైనది. కండరముల పేర్లు, అవి పుట్టుచోటు, చేరుచోటు, కదలించు నరము అన్నియు కంఠస్థము కావలెను. ఇది తేలిక చదువని నమ్మించువారి మాట వినరాదు.

ప్రవేశములకు నీట్ పరీక్షను ఆధారము చేయు పద్ధతి బలపడుచున్నది. మహారాష్ట్రలో ఇదివరకే ఆ పద్ధతి వచ్చినది. డాక్టరు సీటుపై ఆశ లేకున్నను జీవశాస్త్రము చదివిన ప్రతి విద్యార్థియు నీట్ దరఖాస్తు పెట్టుట మేలు. ఒడిషాలో కటకము సమీపమున ఓలత్‌పూర్‌లోని కేంద్ర ప్రభుత్వపు స్వామి వివేకానంద పునరావాస శిక్షణ పరిశోధన సంస్థలో ఈ డిగ్రీ కలదు. తమిళనాట తిరుచిరాపల్లిలో ప్రభుత్వ ఫిజియోథెరపీ కళాశాల కలదు. హైదరాబాదులో నిమ్స్ సంస్థ ఈ కోర్సు నడుపుచున్నది. యానాము విద్యార్థులు పుదుచ్చేరి ప్రభుత్వపు సెంటాక్ ప్రకటనలను చూచుచుండవలెను.

డిగ్రీ పిమ్మట రెండు సంవత్సరముల ఎం.పి.టి. కలదు. అందులో ఎముకలు, నరములు, గుండె ఊపిరితిత్తులు, క్రీడలు, పిల్లలు మున్నగు శాఖలుండును. పెద్ద ఆసుపత్రులలో విభాగపు పై ఉద్యోగములకు, కళాశాలలలో బోధనకు ఇది అవసరమగుచున్నది. వార్డులో పని ఆరంభించుటకు బి.పి.టి. చాలును.

నమోదు

డిగ్రీ చేతికి వచ్చినంతనే పని ముగియలేదు. 2021లో పార్లమెంటు అనుబంధ ఆరోగ్య వృత్తుల జాతీయ కమిషను చట్టమును చేసినది. ఫిజియోథెరపీ ఆ చట్టము క్రిందికి వచ్చును. ఆరోగ్య సంరక్షణ వృత్తిదారు అనిపించుకొనుటకు కనీసము 3,600 గంటల శిక్షణ గల, 3 మొదలు 6 సంవత్సరముల డిగ్రీ యుండవలెనని ఆ చట్టము నిర్వచించినది. ఆరు నెలల సర్టిఫికెట్టు ఈ కొలతకు ఎంత దూరమున నున్నదో పాఠకులే లెక్క కట్టవచ్చును. ప్రతి రాష్ట్రములోను కౌన్సిలు ఏర్పడి, అర్హులైనవారి పేర్లను పట్టీలో చేర్చుకొనవలెనని చట్టపు ఉద్దేశము. ఈ ఏర్పాటు అన్ని రాష్ట్రములలో ఒకే వేగముతో సాగలేదు. మహారాష్ట్రలో మాత్రము అంతకు పూర్వమే వృత్తి చికిత్సకు, ఫిజియోథెరపీకి కలిపి కౌన్సిలు చట్టము చేసియుండిరి. ఇంటర్న్‌షిప్పు ముగియగానే తమ రాష్ట్రపు నమోదు పద్ధతిని కనుగొని పేరు చేర్పించుకొనుట విద్యార్థి మొదటి కర్తవ్యము.

ఫీజు కట్టుటకు ముందు అడుగవలసిన ప్రశ్నలు

1. ఇది డిగ్రీయా, డిప్లొమాయా, సర్టిఫికెట్టా? పట్టాపై ఏమి వ్రాయబడునో మాదిరి చూపించుమని అడుగవలెను.

2. కళాశాల ఏ విశ్వవిద్యాలయమునకు చేరినది? కర్ణాటకములో రాజీవ్ గాంధీ ఆరోగ్య విశ్వవిద్యాలయము, తమిళనాట డాక్టర్ ఎం.జి.ఆర్. వైద్య విశ్వవిద్యాలయము, మహారాష్ట్రలో నాసికులోని ఆరోగ్య విజ్ఞాన విశ్వవిద్యాలయము, ఆంధ్రలో డాక్టర్ ఎన్.టి.ఆర్. విశ్వవిద్యాలయము, తెలంగాణములో కాళోజీ నారాయణరావు విశ్వవిద్యాలయము ముఖ్యమైనవి. కళాశాలవారి మాటపై ఆధారపడక, విశ్వవిద్యాలయపు జాబితాలో దాని పేరు స్వయముగా చూడవలెను.

3. శిక్షణ నిచ్చు ఆసుపత్రి ఏది? అందు ఎన్ని పడకలున్నవి? ఎముకల విభాగము, నరముల విభాగము, తీవ్ర చికిత్సా విభాగము కలవా? ఆసుపత్రి లేని ఫిజియోథెరపీ కళాశాల మగ్గము లేని నేత బడి వంటిది.

4. వెనుకటి సంవత్సరములలో చదివినవారు నేడు ఎచ్చట పనిచేయుచున్నారు? ఇద్దరితోనైనను మాట్లాడవలెను.

5. ఈ కోర్సునకు బ్యాంకు విద్యాఋణ మిచ్చునా? బ్యాంకుల విద్యాఋణ పథకము క్రింద 7.5 లక్షల రూపాయలవరకు ఆస్తి తాకట్టు లేకుండ ఋణము పొందు వీలు కలదు. గుర్తింపు లేని కోర్సునకు బ్యాంకు ఋణమీయదు. కావున బ్యాంకువారు కాదన్న కోర్సునకు ఇల్లు తాకట్టు పెట్టరాదు.

ఆంధ్ర, తెలంగాణములలో ఇంటరు స్థాయిలో ఫిజియోథెరపీ వృత్తివిద్యా కోర్సు కలదు. అది పై చదువునకు మెట్టు కాగలదు గాని, ఫిజియోథెరపిస్టు అర్హత కాజాలదు. బి.పి.టి. సీటు రానివారు వృత్తి చికిత్సకు చెందిన బి.ఓ.టి., కృత్రిమ అవయవముల తయారీకి చెందిన బి.పి.ఓ. డిగ్రీలను కూడ ఆలోచింపవచ్చును. చేతిపని ఒడుపు గల మన పిల్లలకు రెండవది ప్రత్యేకముగా తగును.

రిజర్వేషను విషయములో ఒక హెచ్చరిక. కుల, నివాస పత్రములు ప్రస్తుతము స్థిరపడిన రాష్ట్రమునుండి పొందవలెను. తాతలనాటి ఊరినుండి తెచ్చిన పత్రము రాష్ట్ర ప్రవేశములలో చెల్లదు. 12వ తరగతిలో నుండగనే ఇవి సిద్ధము చేసికొనవలెను.

ఉద్యోగములు, ఆదాయము

ప్రభుత్వ ఆసుపత్రులు, ఇ.ఎస్.ఐ. ఆసుపత్రులు, వైద్య కళాశాలలు, రైల్వేలు ఫిజియోథెరపిస్టులను నియమించుచున్నవి. రైల్వేలు 2019లో ఇచ్చిన ప్రకటనలో డిగ్రీతోపాటు కనీసము 100 పడకల ఆసుపత్రిలో 2 సంవత్సరముల అనుభవము కోరిరి. దీనినిబట్టి మొదటి రెండేండ్లు చిన్న క్లినిక్కులో గాక పెద్ద ఆసుపత్రిలో పనిచేయుట, ఆ అనుభవ పత్రమును భద్రపరచుట ఎంత ముఖ్యమో తెలియుచున్నది. ప్రభుత్వ ఉద్యోగములకు ఆ రాష్ట్ర భాషా పరిజ్ఞానము కూడ చూడవచ్చును.

ఉన్నది ఉన్నట్లు చెప్పవలెనన్న, ప్రైవేటు ఆసుపత్రులలో తొలి సంవత్సరముల జీతము తక్కువ. అయిదేండ్లు చదివి ఇంతేనా అని నిరాశపడినవారు కలరు. అనుభవము, మంచి పేరు వచ్చినపిమ్మటనే ఆదాయము పెరుగును. సొంత క్లినిక్కు పెట్టుకొనువారికి ఇది మరింత నిజము. పని కూడ శ్రమతో కూడినదే. బరువైన రోగులను లేపి పట్టుకొనవలెను. ఒకే వ్యాయామమును నెలల తరబడి ఓర్పుతో చేయింపవలెను.

విదేశములకు పోదలచువారు అచ్చటి నమోదు వేరని గుర్తింపవలెను. ఇంగ్లండులో హెచ్.సి.పి.సి. అను మండలిలో పేరు చేర్పించుకొనవలెను. అమెరికాలో ఈ విద్య నేడు డాక్టరేటు స్థాయిలో నున్నది. మన డిగ్రీని అచ్చటి చదువుతో పోల్చి పరిశీలింపజేసికొని, లైసెన్సు పరీక్షలో నెగ్గినగాని పని దొరకదు. మన డిగ్రీతో నేరుగా ఉద్యోగము ఇప్పింతుమను దళారులను నమ్మరాదు.

తలిదండ్రులకు మనవి

పడుగులో ఒక పోగు తప్పినచో చీర పొడవునను ఆ లోపము కనబడుచునే యుండును. చదువు ఎన్నికలో జరుగు తప్పు కూడ అట్టిదే. జీవశాస్త్రముతో 12వ తరగతి, గుర్తింపు గల విశ్వవిద్యాలయపు బి.పి.టి., మంచి ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్పు, రాష్ట్రములో నమోదు: ఈ నాలుగును వరుసగా నుండిననే మన బిడ్డ ఆసుపత్రిలో రోగి మంచము ప్రక్కన హక్కుతో నిలువగలదు. ఒక్కటి లోపించినను ఎంత ఫీజు కట్టినను ఆ హక్కు రాదు. నడుము నొప్పికో మోకాలి నొప్పికో చికిత్స పొందునపుడు మనము కూడ ఎదుటివాని డిగ్రీని, నమోదు సంఖ్యను అడుగుట అలవాటు చేసికొనవలెను. మనము అడిగినకొలది అర్హత లేనివారికి చోటు తగ్గి, చదివి వచ్చిన మన పిల్లలకు చోటు పెరుగును.