నగర సంసారము – పండ్రెండు నెలల లెక్క

అప్పుచేసి పప్పుకూడు తినరాదని మన పెద్దలు చెప్పిరి. కాని హైదరాబాదువంటి నగరములో నెలజీతముతో సంసారము నడుపుకొను కుటుంబమునకు అప్పు పప్పుకూటి త్రోవనే రాదు. జూన్ నెలలో బడి ఫీజు త్రోవను వచ్చును. సంక్రాంతికి ఊరి ప్రయాణపు త్రోవను వచ్చును. చెప్పక వచ్చిన జ్వరము వెంట వచ్చును. గృహిణి యేడాది పొడుగున కొత్తిమీర కట్టవద్ద బేరమాడి మిగిల్చిన డబ్బు ఒక్క అప్పు వడ్డీలో కొట్టుకొనిపోవును. కావున కూరగాయల బేరమునకంటె ముందుగా లెక్క వ్రాయు పద్ధతినిగూర్చి మన సోదరీమణులతో కొంత ముచ్చటింపదలచితిమి.

నెల లెక్కలోని మోసము

ఒక చిన్న కుటుంబమును ఉదాహరణగా తీసికొందము. భార్యాభర్తలు, బడికిపోవు ఇద్దరు బిడ్డలు. నెలకు రాబడి 30,000 రూపాయలు. ఇంటి అద్దె 9,500; బియ్యము, పప్పు, నూనె మొదలగు సరకులు 5,000; పాలు, కూరగాయలు, గ్రుడ్లు 4,200; గ్యాసు, కరెంటు 1,800; ఫోనులు 600; ప్రయాణములు 1,500; చిల్లర ఖర్చులు 1,400. అన్నియు కూడిన 24,000 రూపాయలగును. మిగిలినది 6,000. ఇది చూచిన ఇల్లాలు సంతోషించుట సహజమే. ఆ సంతోషములో ఒక నెల చీర వచ్చును, ఒక నెల వాయిదాలమీద కొత్త ఫోను వచ్చును.

ఇప్పుడు అదే కుటుంబమునకు ఏడాదికి ఒకటి రెండుమారులు మాత్రమే వచ్చు ఖర్చులు వ్రాయుదము. బడి ఫీజులు, పుస్తకములు, బిడ్డల బడి దుస్తులు 40,000. ఉగాది, దసరా, దీపావళి, సంక్రాంతి పండుగలకు 10,000. ఊరి ప్రయాణములు, పెండ్లిండ్లలో చదివింపులు 8,000. బండి బీమా, మరమ్మతు 4,000. వైద్యము, బీమాలు 4,000. మొత్తము 66,000 రూపాయలు. దీనిని పండ్రెండుచేత భాగించిన నెలకు 5,500. అనగా మిగిలినదనుకొన్న 6,000 రూపాయలలో నిజముగా మిగిలినది 500 మాత్రమే. తక్కిన 5,500 ఇదివరకే ఖర్చయిపోయినది. దాని తేదీ మాత్రము ఇంకను రాలేదు.

ఈ లెక్క వేయని ఇంట జూన్ వచ్చునప్పటికి చేయి చాపక తప్పదు. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి 40,000 తెచ్చితిమేని నెలకు వడ్డీ 800, ఏడాదికి 9,600. ఒక నెల అద్దెకంటె ఎక్కువ సొమ్ము ఎవరికిని ఉపయోగపడక పోయినది, అసలు ఇంకను అట్లే యున్నది. మరుసటి జూన్‌కు చేతిగాజులు కుదువకు పోవును. సంసారములు చితికిపోవుట సాధారణముగా ఇట్లే గాని ఒక్క నాటి దుబారావలన గాదు.

కావున మా మొదటి మాట యిది: జీతము వచ్చిన నాడే, అద్దె ఇచ్చినట్లే, పండ్రెండవ భాగమును వేరుచేయుడు. బ్యాంకులలో 12 నెలల గడువుతో రికరింగు డిపాజిట్టు దొరకును. దానిని మే నెలలో చేతికి వచ్చునట్లు ప్రారంభించినచో బడి ఫీజుకు సిద్ధముగా నుండును. పండుగల డబ్బు వేరొక ఖాతాలో నుంచవచ్చును. నిజముగా మిగిలిన 500 రూపాయలను పోస్టాఫీసు రికరింగు డిపాజిట్టులో వేయవచ్చును. దానికి నెలకు 100 రూపాయలతోనైనను చేరవచ్చును, గడువు అయిదేండ్లు.

బీమాలలోను స్వల్పవ్యయముతో దొరకునవి రెండు కలవు. 2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి సురక్షా బీమాకు 2022 జూన్ నుండి ఏడాదికి 20 రూపాయలు; ప్రమాద మరణమునకు 2 లక్షలు వచ్చును. జీవనజ్యోతి బీమాకు ఏడాదికి 436 రూపాయలు. ఏ కారణముచేత మరణించినను 2 లక్షలు వచ్చును. భర్త పేరనే గాక భార్య పేరను గూడ ఇవి ఉండవలెను.

అద్దె, దారి, నీరు

నగరములో మిక్కిలి పెద్ద ఖర్చు అద్దె. దీనిని ఒంటిగా చూడరాదు. అద్దెను, ప్రయాణమును కలిపి చూడవలెను. మాదాపురములో ఉద్యోగము చేయువారు అక్కడనే ఇల్లు వెదకినచో జీతములో సగము అద్దెకే పోవచ్చును. నాగోలు నుండి రాయదుర్గమువరకు మెట్రో రైలు 2019 నవంబరు నుండి నడచుచున్నది గనుక ఉప్పల్ వైపున నుండి పనికి పోవుటయు సాధ్యమే. అయితే తగ్గిన అద్దెలోనుండి రైలు ఛార్జీని తీసివేసి చూచి, మిగులు కనబడిననే కదలవలెను.

తెలంగాణములో 2023 డిసెంబరు 9వ తేదీ నుండి స్త్రీలకు ఆర్టీసీ బస్సులలో ఉచిత ప్రయాణము కలిగినది. నగరములో ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సులకు ఇది వర్తించును. ఆధారువంటి గుర్తింపు కార్డు చూపి జీరో టికెట్టు తీసికొనవలెను. ఉద్యోగమునకు పోవు ఇల్లాలు, కాలేజీకి పోవు కుమార్తె ఉన్న కుటుంబమువారు బస్సు ఆగుచోటికి నడువదగిన దూరములో ఇల్లు చూచుకొన్నచో అద్దె రెండు మూడు వందలు ఎక్కువైనను లాభమే.

ఇల్లు చూడబోవునపుడు గదులకంటె ముందు నీటిసంగతి అడుగవలెను. జలమండలి కుళాయి కలదా? వేసవిలో ట్యాంకరు కొనవలసివచ్చునా? ఆ ఖర్చు ఎవరిది? నగరములో గృహములకు నెలకు 20,000 లీటర్ల నీరు ఉచితముగా నిచ్చు పథకము 2021 జనవరిలో ప్రారంభమైనది. దానిక్రింద ఆ యిల్లు నమోదైనదో లేదో తెలిసికొనుట మేలు.

వంటయింటి పొదుపు

ఏ వస్తువు ఎప్పుడు చవుకయో మన అమ్మమ్మలకు పంచాంగమువలె తెలిసియుండెడిది. కొత్త చింతపండు, ఎండుమిరప, పసుపు మాఘ ఫాల్గుణములనుండి వేసవివరకు వచ్చును. కందులును ఆ కాలముననే కొత్తవి వచ్చును; 2022లో భౌగోళిక గుర్తింపు పొందిన తాండూరు కందిపప్పు మనకు దగ్గరిదే. ఏడాదికి సరిపడు సరకు కొనుటకు ఒక్కమారుగా సొమ్ము కావలెను గనుక ఇరుగు పొరుగు ఇండ్లవారు ఇద్దరు ముగ్గురు కలిసి తెప్పించి పంచుకొనుట మంచిది.

కూరగాయలకు రైతుబజారులు 1999 నుండి ఉన్నవి. మెహిదీపట్నము, ఎర్రగడ్డ, కూకట్‌పల్లి, సరూర్‌నగర్ రైతుబజారులు అందరు ఎరిగినవే. అక్కడ ధరల పట్టిక కట్టుదురు. ఆనాటి పట్టిక చూచుకొన్నచో ఇంటిముందు బండివాని ధర ఎంత సమంజసమో తెలియును.

కరెంటు విషయములో ఒక చిన్న లెక్క. పాత సీలింగు ఫ్యాను సుమారు 75 వాట్లు తినును. రోజుకు 12 గంటలు తిరిగినచో నెలకు 27 యూనిట్లు. ఇప్పుడు వచ్చుచున్న బీఎల్‌డీసీ ఫ్యాను 30 వాట్లతో తిరుగును. నెలకు 11 యూనిట్లు చాలును. రెండు ఫ్యాన్లు మార్చినచో 32 యూనిట్లు మిగులును.

పట్టణములలో సాలీనా 2 లక్షల లోపు ఆదాయము గలవారికి రేషను కార్డు పొందు అర్హత కలదు. కార్డు గలవారికి 2025 ఏప్రిల్ నుండి మనిషికి 6 కిలోల సన్నబియ్యము ఉచితముగా లభించుచున్నది. 2024 మార్చి నుండి 200 యూనిట్ల లోపు కరెంటు వాడినవారికి బిల్లు లేదు. కాని ఆ హద్దు దాటిన నెలలో బిల్లు కట్టవలెను. అందుచేత నెల నడుమ ఒకమారు మీటరు చూచుకొనుట మరువరాదు. పైన చెప్పిన ఫ్యాన్ల లెక్క వీరికి మరింత అక్కరకు వచ్చును. 500 రూపాయల గ్యాసు పథకములో ముందు పూర్తి ధర చెల్లింపవలెను. తరువాత మిగత సొమ్ము ఖాతాలో పడును. అది పడినదా లేదా అని పుస్తకములో గుర్తుపెట్టుకొనవలెను.

పొదుపు చేయరాని చోటు

ఇంతవరకు తగ్గింపవలసిన ఖర్చులను చెప్పితిమి. తగ్గింపరాని ఖర్చు ఒకటి కలదు. చేయి ఇరుకుగా నున్న నెలలో ముందుగా తగ్గునది గృహిణి కంచము. బిడ్డలకు పాలు, భర్తకు గ్రుడ్డు, తనకు మజ్జిగ నీళ్లు; అందరు తినినపిదప గిన్నెలో పప్పు మిగిలిననే ఆమెకు పప్పు. దీనిని త్యాగమని లోకము మెచ్చుకొనును. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 49 ఏండ్ల వయసుగల భారతస్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. తెలంగాణములోను అంతే. మిగిల్చితిమనుకొన్న పావు లీటరు పాలు, పిడికెడు పప్పు తరువాత డాక్టరు ఫీజై, మందులై, పనిచేయలేని దినములై తిరిగివచ్చును. ఏ ఖర్చు తగ్గించినను పప్పు, ఆకుకూర, వేరుసెనగ, రాగులు, గ్రుడ్డు ఇంటిలో అందరి కంచములలోను సమముగా ఉండవలెను. ఇల్లాలు అందరితోపాటు కూర్చుండి తినినచో ఈ సమత తానే వచ్చును.

పోపులడబ్బా

మన తల్లులు పోపులడబ్బాలో ఆవాల క్రింద, మెంతుల క్రింద రూపాయలు దాచిరి. ఆపదలో ఇల్లు నిలిపినది ఎన్నోమారులు ఆ డబ్బే. కాని దాచుకొనవలసిన అవసరము ఎందుకు కలిగినది? ఇంటి రాబడి ఎంతయో ఆమెకు చెప్పువారు లేకపోవుటచేతనే గదా! నేడు ఆ పద్ధతి చాలదు. జీతమెంత, అప్పులెన్ని, బీమా కాగితములు ఎక్కడ నున్నవి అను సంగతులు భార్యాభర్తలిద్దరికిని తెలిసియుండవలెను. నెలకొకనాడు, జీతము వచ్చిన సాయంకాలము, ఇద్దరును కూర్చుండి పుస్తకము చూచుకొనుడు. పదేండ్లు దాటిన బిడ్డలనుగూడ దగ్గర కూర్చుండబెట్టుడు. ఫీజుసొమ్ము ఎట్లు కూడుచున్నదో కన్నులార చూచిన బిడ్డ బజారులో మారాము చేయుట తగ్గించును.

మంచమున్నంతవరకే కాళ్లు చాపుకొనుమని సామెత. మంచము పొడవెంతో తెలియక కాళ్లు ముడుచుకొనుటయు కష్టమే, చాచుటయు కష్టమే. ఈ నెలలోనే ఒక పుస్తకము తీసికొని, ఎడమపుటలో నెల ఖర్చులు, కుడిపుటలో ఏడాది ఖర్చులు వ్రాసి, కుడిపుట మొత్తమును పండ్రెండుచేత భాగింపుడు. ఆ అంకె మొదట భయపెట్టవచ్చును. కాని జూన్ నెలలో ఎవరి గుమ్మమును త్రొక్కక, చేతిగాజులు చేతినుండగనే బిడ్డల ఫీజు కట్టి వచ్చిన నాడు ఆ పుస్తకము విలువ తెలియును.