లోహజనిత ఆక్సీకరణ ఒత్తిడి – ప్రోటీన్ల మరమ్మతు ఎంజైములు

ఇనుము జీవకణానికి అత్యవసరం. అయితే ప్రోటీన్లతో బంధితం కాని ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడుతో చర్య జరిపితే అత్యంత తీవ్రమైన హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. ఇనుము, పెరాక్సైడుల కలయికకు గల ఆక్సీకరణ శక్తిని 1894లోనే హెన్రీ ఫెంటన్ గుర్తించాడు. రాగి, క్రోమియం కూడా కణంలో ఇటువంటి ఒత్తిడినే కలిగిస్తాయి.

ఈ ఒత్తిడికి సులభంగా లోనయ్యే అమైనో ఆమ్లాలలో మిథియోనిన్ ఒకటి. దానిలోని గంధకానికి ఆక్సిజన్ చేరగా మిథియోనిన్ సల్ఫాక్సైడ్ ఏర్పడుతుంది. ఫలితంగా ప్రోటీన్ ఆకృతి, పనితీరు దెబ్బతినవచ్చు. సల్ఫాక్సైడుకు ‘ఎస్’, ‘ఆర్’ అనే రెండు త్రిమితీయ రూపాలున్నాయి. ప్రోటీన్లలోని మొదటి రూపాన్ని ఎంఎస్ఆర్-ఏ, రెండవ రూపాన్ని ఎంఎస్ఆర్-బి అనే రిడక్టేజులు తిరిగి మిథియోనిన్‌గా మారుస్తాయి. ఒకదాని పనిని మరొకటి చేయలేదు కనుకనే కణానికి రెండూ అవసరం. ఇందుకు కావలసిన ఎలక్ట్రాన్లు సాధారణంగా థయోరెడాక్సిన్ ద్వారా అందుతాయి.

ఈ ఎంజైములు లోపించిన ఈస్ట్ కణాలు క్రోమియం విషప్రభావానికి మరింత సులభంగా లోనవుతాయని ప్రయోగాలు నిరూపించాయి. ప్రోటీన్లలోని ఇనుము–గంధక సముదాయాలను కాపాడటంలోనూ వీటి పాత్ర వెల్లడైంది.

అయితే ఈ రక్షణకు పరిమితి ఉంది. ప్రోటీన్లలో కార్బొనైల్ సమూహాలు ఏర్పడితే ఈ రిడక్టేజులు వాటిని సరిదిద్దలేవు. అటువంటి ప్రోటీన్లను కణం విచ్ఛిన్నం చేయవలసిందే. కాబట్టి లోహాల విషప్రభావాన్ని అంచనా వేసేటప్పుడు జరిగిన నష్టంతోపాటు, అందులో సరిదిద్దగలిగినదెంత అన్నదీ పరిశీలించాలి.