బాగుందన్నారు సరే... తగ్గిందా?

స్కాట్లాండ్‌లో గ్లాస్గోకి ఆనుకుని క్లైడ్‌బ్యాంక్ అనే ఊరుంది. ఒకప్పుడు పేరుమోసిన ఓడలు కట్టిన ఊరు. ఆ పని పోయాక పేదరికం మిగిలింది. జిమ్ వైట్ అనే క్లినికల్ సైకాలజిస్టు అక్కడ పనిచేసేవారు. ఏదో ముంచుకొస్తుందన్న దిగులు, నిద్ర పట్టకపోవడం, గుండెదడ... ఈ బాధలతో వచ్చేవాళ్లను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి మాట్లాడుతూ పోతే వరస ఎప్పటికీ తరగదని ఆయనకు అర్థమైంది. అందుకని అందరికీ కలిపి ఒక క్లాసు పెట్టారు. పేరు 'స్ట్రెస్ కంట్రోల్'. వారానికొకటి చొప్పున ఆరు క్లాసులు, ఒకే హాల్లో పదుల మంది. అందులో ఎవరూ తమ సొంత గొడవ బయటికి చెప్పుకోనక్కర్లేదు. కావాలంటే ఇంట్లోవాళ్లనో స్నేహితులనో వెంట తెచ్చుకోవచ్చు. గుండ్రంగా కుర్చీలు వేసుకుని ఒకరి తర్వాత ఒకరు కన్నీళ్లు పెట్టుకునే సినిమా సీను కాదది. అచ్చంగా పాఠం. శరీరంలో దడ ఎందుకు పుడుతుంది, ఊపిరిని ఎలా అదుపులో పెట్టుకోవాలి, భయపెట్టే ఆలోచనను ఎలా నిలదీయాలి, ఇవే సంగతులు.

క్లాసు పెట్టడం గొప్ప కాదు. అది పనిచేస్తోందా లేదా అని తేల్చుకోవడానికి వైట్ బృందం చేసిన పని గొప్పది. 1992లో అచ్చయిన ఆ పరీక్షలో వందకు పైబడి రోగులున్నారు. అందరికీ ఉన్నది ఒకే జబ్బు: దేని మీదా నిలవకుండా అన్నింటి మీదా పాకే ఆందోళన. వాళ్లను ఐదు భాగాలు చేశారు. ఒక గుంపుకి ఆలోచనలు సరిచేసుకునే పాఠం, ఇంకోదానికి ప్రవర్తన మార్చుకునే పాఠం, మూడోదానికి రెండూ కలిపి. నాలుగో గుంపుని వెయిటింగ్ లిస్టులో ఉంచారు. ఐదో గుంపుకి 'సబ్‌కాన్షస్ రీట్రైనింగ్' అన్నారు. పేరు గంభీరంగా ఉంది కదా! నిజానికి అది పంచదార మాత్రకి తరగతి రూపం, డమ్మీ చికిత్స.

వెయిటింగ్ లిస్టు వాళ్లకంటే క్లాసుకి వెళ్లినవాళ్లు బాగా మెరుగయ్యారు. వైట్ గారి పద్ధతి గెలిచినట్టే. కాకపోతే మూడు అసలు క్లాసుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. పైగా డమ్మీ క్లాసు వాళ్లు కూడా పెద్దగా వెనకబడలేదు. అంటే, ఆ హాల్లో పనిచేసింది పాఠమా, లేక ఎవరో తమను పట్టించుకున్నారన్న ధైర్యమా, 'నాకొక్కడికే కాదన్నమాట' అన్న ఊరటా? సామూహిక వర్క్‌షాపుల మీద ముప్పై ఏళ్లకు పైగా నడుస్తున్న పరిశోధన ఈ ముడి విప్పడానికే.

మన దగ్గర ఈ వర్క్‌షాపులకు కొదవ లేదు. కాలేజీల్లో పరీక్షల ముందు, ఐటీ కంపెనీల్లో శుక్రవారం మధ్యాహ్నాలు, ఫంక్షన్ హాళ్లలో ఆదివారాలు. చివర్లో ఒక ఫీడ్‌బ్యాక్ ఫారం ఇస్తారు. 'చాలా ఉపయోగపడింది' అని రాసి, గ్రూప్ ఫొటో దిగి ఇంటికి పోతారు. ఆ ఫారం చెప్పేదల్లా వక్త బాగా మాట్లాడారని, భోజనం ఫరవాలేదని. ఆందోళన సంగతి దానికి తెలియదు.

పోనీ, ముందొకసారి తర్వాతొకసారి కొలిచి, తగ్గిందని చూపిస్తే? అదీ చాలదు. మందు వేసుకుంటే జలుబు వారంలో తగ్గుతుంది, వేసుకోకపోతే ఏడు రోజులు పడుతుందని మనవాళ్ల వేళాకోళం. ఆందోళనదీ అదే తీరు. అది ఏడాది పొడుగునా ఒకే మట్టంలో ఉండదు, పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మనిషి సహాయం కోసం వెతికేది, వర్క్‌షాపుకి పేరిచ్చేది బాధ బాగా ముదిరిన రోజుల్లోనే. శిఖరం మీద ఉన్నప్పుడు కొలిస్తే తర్వాతి కొలత ఎటూ కిందికే వస్తుంది. బ్రిటిష్ శాస్త్రవేత్త ఫ్రాన్సిస్ గాల్టన్ 1886లోనే మనుషుల ఎత్తుల లెక్కల్లో ఈ గుణం పట్టుకున్నాడు: బాగా పొడుగైన తల్లిదండ్రుల పిల్లలు సగటున వాళ్లంత పొడుగు కారు. సగటు వైపు జారే ఈ గుణాన్ని తన ఖాతాలో వేసుకోని వర్క్‌షాపు నిర్వాహకుడు అరుదు. మోసం చేయాలని కాదు, పాపం, ఆయనకీ నిజంగానే అలా కనిపిస్తుంది.

అందుకే పోల్చడానికి ఇంకో గుంపు కావాలి. ఆ గుంపు ఎలాంటిదన్న దాని మీదే ఫలితమంతా ఆధారపడుతుంది. ఇక్కడ అమెరికాలో రిచర్డ్ హైంబర్గ్ చేసిన పని గురించి కాస్త వివరంగా చెప్పుకోవాలి. నలుగురిలో మాట్లాడాలంటే ప్రాణం మీదికొచ్చే సోషల్ ఫోబియా ఆయన రంగం. నలుగురంటే భయపడేవాళ్లకి నలుగురిలో వైద్యమా అని నవ్వొచ్చు. కానీ ఆ భయాన్ని ఎదుర్కొనే అవకాశం గ్రూపులో దొరికినంతగా ఇంకెక్కడ దొరుకుతుంది?

ఆ గదిలో సుమారు ఆరుగురు రోగులు, ఇద్దరు థెరపిస్టులు. ఒకామెకి ఆఫీసు మీటింగులో నోరు విప్పాలంటే భయం అనుకుందాం. మిగతా రోగులే ఆమె సహోద్యోగులుగా నటిస్తారు. మొదలుపెట్టే ముందు ఆమె తల్లో మెదిలే మాట బయట పెట్టిస్తారు: 'గొంతు వణికితే అందరూ నన్ను చేతకానిదాన్ని అనుకుంటారు.' దానికి ఎదురుమాట ఒకటి ఆమె చేతే తయారు చేయిస్తారు: 'గొంతు వణికినా విషయం చెప్పగలను.' ఇక మీటింగు నడుస్తుంది. నిమిషానికోసారి థెరపిస్టు అడుగుతాడు: భయం 0 నుంచి 100లో ఎంత? ఆమె అంకె చెప్పి, తన ఎదురుమాట పైకి చదివి, మళ్లీ మాట్లాడుతుంది. 70, 80, మళ్లీ 70, 55... అంకెలు అలా దిగుతుంటే ఆ గదిలో అందరూ కళ్లారా చూస్తారు. ఇంటికి వెళ్లాక అసలు ఆఫీసులో చేయాల్సిన హోంవర్కు సరేసరి. ఇలా 12 వారాలు.

హైంబర్గ్ దీన్ని ఖాళీ కుర్చీతో పోల్చలేదు. అంతే మంది రోగులతో అన్నే వారాలు ఇంకో గుంపు నడిపారు. అందులో సోషల్ ఫోబియా గురించి ఉపన్యాసాలు, చర్చలు, ఒకరికొకరు ధైర్యం చెప్పుకోవడం ఉన్నాయి. లేనిదల్లా ఆ నటన, ఆ ఎదురుమాట. 1990లో అచ్చయిన తొలి అధ్యయనంలో 49 మంది. రెండు గుంపుల వాళ్లూ తమ చికిత్స నమ్మదగినదేనని చెప్పారు. రెండు గుంపులూ మెరుగయ్యాయి. అసలు చికిత్స గుంపు మరింత మెరుగైంది.

1998లో అచ్చయిన అధ్యయనం ఇంకా పెద్దది. మొత్తం 133 మంది. ఈసారి మందు కూడా బరిలోకి దిగింది. ఫెనెల్‌జీన్ అని, చీజ్ లాంటివి మానేసి మరీ వాడాల్సిన పాత మందు. పరిశోధన రెండు చోట్ల సాగింది. ఒకచోటి వాళ్లు మందుల్లో ఆరితేరినవాళ్లు, ఇంకోచోటి వాళ్లు గ్రూప్ థెరపీలో. ఎవరి పద్ధతి మీద వాళ్లకి మమకారం ఉంటుంది కాబట్టి రెండుచోట్లా రెండూ చేయించారు. ఎవరు ఏ చికిత్సలో ఉన్నారో తెలియని మూడో మనిషి చేత కొలిపించారు. 12 వారాల తర్వాత మందు వాడినవాళ్లలో 65 శాతం, గ్రూప్ థెరపీలో 58 శాతం మంది బాగుపడ్డారు. ఉత్త మాత్ర మింగినవాళ్లలో 33 శాతం, ఉపన్యాసాల గుంపులో 27 శాతం.

ఈ నాలుగు అంకెల్లోనే అసలు పాఠమంతా ఉంది. పోల్చే గుంపు లేకపోతే కరపత్రంలో 'వందలో 58 మందికి నయం' అని వేసుకునేవాళ్లు. ఆ 58లో 27 మంది మంచి మాటలు చెప్పుకునే గుంపులో కూర్చున్నా బాగుపడేవాళ్లే. పద్ధతి ఘనత మిగిలిన 31 మందిది. 31 తక్కువేం కాదు, చాలా మందులకు ఆ మాత్రం పేరు రాదు. అయితే అది 58 మాత్రం కాదు. మందు ఆరో వారానికే పని చూపించింది, గ్రూపు కాస్త నింపాదిగా అందుకుంది. చికిత్స ఆపేశాక మాత్రం మందు వాడినవాళ్లే ఎక్కువగా మళ్లీ జారిపోయే ధోరణి కనిపించింది. నేర్చుకున్నది మనిషితో ఉంటుంది, మాత్ర సీసాలోనే ఉంటుంది.

వెయిటింగ్ లిస్టు ఎందుకు మంచి పోలిక కాదో ఇప్పుడు తెలిసిపోతుంది. 'మీ వంతు మూడు నెలల తర్వాత' అని చెప్పినవాళ్లు ఆ మూడు నెలలూ వేరే ప్రయత్నం మానేసి ఎదురు చూస్తూ కూర్చుంటారు. వాళ్లు ఎదగకపోతే పక్కవాడు పొడుగ్గా కనిపిస్తాడు.

కొలబద్ద సంగతి కూడా చూద్దాం. ఇప్పుడు ఎక్కువగా వాడేది 2006లో వచ్చిన జీఏడీ-7. గత రెండు వారాల్లో కంగారుగా, తెగేదాకా లాగినట్టు అనిపించిందా? దిగులు ఆపుకోలేకపోయారా? కుదురుగా కూర్చోలేనంత అసహనంగా ఉందా? ఇలాంటివి ఏడు ప్రశ్నలు, ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు, మొత్తం 21. పది గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టర్ చూడాల్సిందే అంటారు. ఇంగ్లండ్ ప్రభుత్వ సేవల్లో గీత ఇంకాస్త కింద, 8 దగ్గరే గీశారు. మరి 9 నుంచి 7కి దిగినవాడు 'కోలుకున్నట్టు', 20 నుంచి 12కి దిగినవాడు 'కోలుకోనట్టు' లెక్కా? అందుకే అక్కడ రెండో షరతు పెట్టుకున్నారు: కనీసం 4 మార్కులు తగ్గాలి. అంతకంటే తక్కువ తేడా కొలతలో సహజంగా వచ్చే ఊగిసలాట కావచ్చు. సైకాలజిస్టులు నీల్ జాకబ్‌సన్, పాలా ట్రువాక్స్ 1991లో ఇచ్చిన సూత్రం దీనికి ఆధారం.

మానేసినవాళ్లను ఏం చేయాలన్నది ఇంకో చిక్కు. మొదటి రోజు 40 మంది వచ్చి చివరికి 22 మంది మిగిలితే, ఆ 22 మంది సగటు చూపించడం ఆత్మవంచన. విసిగిపోయినవాళ్లు, భయం ఎక్కువై రాలేనివాళ్లు లెక్కలోంచి జారిపోయారు. పేరిచ్చిన 40 మందినీ లెక్కలో ఉంచాలి. పైన చెప్పిన 58 శాతం అలా కట్టిందే.

గుంపుకి మాత్రమే ప్రత్యేకమైన తిరకాసు ఒకటుంది, చాలా అధ్యయనాలు దాన్ని దాటేస్తాయి. ఒకే క్లాసులో కూర్చున్నవాళ్ల ఫలితాలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉంటాయి. బోధకుడు మంచివాడైతే అందరూ బాగుపడతారు, ఒక నసమనిషి ఉంటే అందరూ నలుగుతారు. 20 మంది చొప్పున 10 క్లాసులు నడిపితే 200 మందిని పరీక్షించామని అనుకుంటాం. ఆ ముడి 0 నుంచి 1 దాకా ఉండే కొలతలో 0.05 అంతే ఉన్నా గణితం ప్రకారం అది 103 మంది విడి మనుషులతో సమానం. సగం మనుషులు హరీ! పశ్చిమ గోదావరి జిల్లాలోనూ హర్యానాలోనూ జరిగిన 'స్మార్ట్ మెంటల్ హెల్త్' పరీక్షలో ఆశా కార్యకర్తలు టాబ్లెట్ పట్టుకుని ఊళ్లలో ఆందోళన, కుంగుబాటు లక్షణాలు కొలిచారు. అవి గ్రూపు క్లాసులు కావు గానీ, మనుషుల్ని విడివిడిగా కాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల వారీగా లాటరీలో పంచి, లెక్క కూడా ఆ ప్రకారమే కట్టడం చూస్తే, ఈ జాగ్రత్త మన పల్లెల్లోనూ సాధ్యమేనని తేలుతుంది.

ఇంతకీ తీర్పేమిటి? గుంపులో చికిత్స పనిచేస్తుంది, అందులో సందేహం లేదు. కానీ ఏ ఆందోళన అన్నది ముఖ్యం. జర్మనీలో 71 మంది సోషల్ ఫోబియా రోగులతో చేసిన 2003 నాటి అధ్యయనంలో ఒక్కొక్కరికీ విడిగా ఇచ్చిన చికిత్సే గుంపుకంటే మిన్న అని తేలింది. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే సంస్థ నైస్ కూడా సోషల్ ఫోబియాకి ముందు వ్యక్తిగత చికిత్సే ఇవ్వమంది. అదే సంస్థ, అన్నింటి మీదా పాకే ఆందోళనకి మాత్రం తొలి మెట్లలోనే గ్రూపు పాఠాన్ని ఒప్పుకుంది: ఒక థెరపిస్టుకి సుమారు 12 మంది, వారానికి 2 గంటలు, ఆరు వారాలు. ఒక ఆదివారం పొద్దున మొదలై సాయంత్రానికి సర్టిఫికెట్ చేతిలో పెట్టే కార్యక్రమాన్ని దీని పక్కన పెట్టి చూసుకోండి.

మన దేశానికి ఈ గుంపు పద్ధతి అక్కర ఎక్కువే. నిమ్‌హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో చేసిన సర్వేలో ఆందోళన, కుంగుబాటు వంటి సాధారణ మానసిక సమస్యలున్నవారిలో 85 శాతం మందికి చికిత్స అందడం లేదని తేలింది. ఆ 12లో తెలుగు రాష్ట్రం ఒక్కటీ లేదు. ఇంతమందికి ఒక్కొక్కరికీ ఒక సైకాలజిస్టుని తేలేం.

అందుకే వర్క్‌షాపులు పెట్టే కాలేజీలకూ కంపెనీలకూ ఒక మనవి. సీట్లు 30, పేర్లు 60 వచ్చాయనుకోండి. ముందొచ్చినవాళ్లకి కాకుండా చీటీలు తీసి సగం మందిని ఇప్పుడు, సగం మందిని మూడు నెలల తర్వాత పిలవండి. అరవై మందినీ ఆ ఏడు ప్రశ్నలు మొదట్లో, మూడో నెలలో అడగండి, మానేసినవాళ్లను కూడా. మార్కులు బాగా ఎక్కువ వచ్చినవాళ్లను మాత్రం వంతు కోసం ఆపకుండా వెంటనే డాక్టర్ దగ్గరికి పంపండి. ఇదీ వెయిటింగ్ లిస్టు పోలికే కాబట్టి పరిపూర్ణమైన పరీక్ష కాకపోయినా ఫీడ్‌బ్యాక్ ఫారం కంటే వంద రెట్లు నయం, ఖర్చు దాదాపు లేదు. ఇక తమకే బాధ ఉన్న పాఠకులు ఏ వర్క్‌షాపు కోసమూ ఆగనక్కర్లేదు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలీమానస్ హెల్ప్‌లైన్ నంబరు 14416. రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులోనే మాట్లాడవచ్చు, డబ్బు కట్టనక్కర్లేదు.