నిండు కొలువులో ఒక్కడు

1999వ సంవత్సరము జూలై 14వ తేది. ఫ్రాన్సు దేశమునకది జాతీయ పర్వదినము. ఆనాడు టూర్ ద ఫ్రాన్స్ అను జగత్ప్రసిద్ధమైన సైకిలు పందెము ఆల్ప్సు పర్వతములలో సాగుచుండెను. ఇటలీ దేశపు సెస్ట్రియేర్ నుండి బయలుదేరి, సాయంకాలమునకు ఆల్ప్ ద్యుయెజ్ అను కొండమీది ఊరు చేరవలెను. త్రోవలో పెద్ద పెద్ద కనుమలు గలవు. కావున మొదటి భాగమును మెల్లగా గడపవలెనని పందెగాండ్రు తమలో తామొక ఒప్పందము చేసికొనిరి. ఆ మాట ఒకనికి మాత్రము ఎవరును చెప్పలేదు. ఆ ఒకడు ఇరువదియైదేండ్ల ఫ్రెంచి యువకుడు, క్రిస్టోఫ్ బాసోన్స్.

అతడు తరువాత చెప్పిన ప్రకారము, జట్టులోని మెకానిక్కు వలన ఆ సంగతి అతని చెవిని పడినది. మనసు నొచ్చి, ఆ ఒప్పందమును లెక్కచేయక ఒంటరిగా ముందునకు దూకెను. అంతట గుంపంతయు ఏకమై అతనిని తరిమి పట్టుకొనెను. పట్టుకొన్నవారు ఒక్క మాటయు పలుకక అతనివంక తేరిపార చూచిరి. అప్పుడు ఆ పందెమున అగ్రస్థానములో నుండి పసుపుపచ్చ చొక్కా ధరించియున్న అమెరికా వీరుడు లాన్స్ ఆర్మ్‌స్ట్రాంగ్ అతని ప్రక్కకు వచ్చెను. బాసోన్స్ పలుకుచున్న పలుకులు ఈ క్రీడకే చేటనియు, అట్టి అభిప్రాయములు గలవాడు ఇల్లు చేరుట మేలనియు చెప్పెను. ఆ సాయంకాలము టెలివిజనులోను ఆ భావమునే వెల్లడించెను.

ఇంతకును బాసోన్స్ చేసిన నేరమేమి? ఆ పందెమును గూర్చి ఒక పారిసు పత్రికకు వ్రాయుచు, తోటి పందెగాండ్ర వేగముపై తనకు గల సంశయమును అతడు దాచుకొనలేదు. ఎవరినిగాని దొంగయని పేరుపెట్టి నిందింపలేదు. మందుల సహాయము లేక ఈ వేగము సాధ్యమా యని అడిగెను. అంతియే.

మహాభారతము చదివినవారికి ఈ ఘట్టము క్రొత్తది కాదు. కౌరవసభలో ద్రౌపదికి జరిగినది అన్యాయమని దుర్యోధనుని తమ్ములలో పలికినవాడు వికర్ణుడొక్కడే. కర్ణుడు లేచి వానిని బాలుడవని గద్దించెను. నిండు కొలువులో ఒక్కడు నోరు విప్పినప్పుడు, వాడు చెప్పినదాని మంచిచెడ్డలను విచారించుటకంటె వానిని కూర్చుండబెట్టుట సులభము.

అయినను బాసోన్స్ సంశయము ఆకాశమునుండి ఊడిపడినది కాదు. టూర్ ద ఫ్రాన్స్ 1903వ సంవత్సరమున ఒక పత్రిక తన అమ్మకములు పెంచుకొనుటకై ప్రారంభించిన పందెము. మూడు వారములపాటు, మూడువేల కిలోమీటర్లకు మించిన దూరము, ఎండలో, వానలో, కొండలమీద సైకిలు త్రొక్కవలెను. మానవదేహము భరింపగలిగిన దానికిని భరింపలేని దానికిని నడుమ గల సరిహద్దుమీద జరుగు క్రీడ యిది. ఆ సరిహద్దును దాటించు మందులకై వెదకుట మొదటినుండియు నున్నది. 1924లోనే పెలిసియే సోదరులు పందెము మధ్యలో విడిచి, ఒక కాఫీ హోటలులో ఆల్బేర్ లోంద్ర్ అను పత్రికారచయిత యెదుట తమ సంచులు విప్పి, తాము వాడుచున్న కొకైను మొదలగు మందులను చూపిరి.

1967 జూలై 13వ తేదిన బ్రిటిషు వీరుడు టామ్ సింప్సన్ వాంతూ అను బోడికొండపై, మండుటెండలో, శిఖరము కనుచూపుమేరలో నుండగా సైకిలుమీదినుండి కూలెను. అతనిని మరల ఎక్కించిరి. కొంత దూరము పోయి మరల కూలెను. ఇక లేవలేదు. 1965లో ప్రపంచవిజేతయైన అతనికి అప్పటికి ఇరువదితొమ్మిదేండ్లు. శవపరీక్షలో ఆంఫిటమిన్ అను ఉత్తేజకౌషధమును, మద్యమును అతని దేహమున కనుగొనిరి. అలసటను తెలియనీయకుండుట ఆ మందు గుణము. ఆగుమని దేహము పెట్టు మొర మనస్సునకు వినబడదు. అంతకు ముందటి యేడు బోర్డో నగరమున తొలిసారిగా పరీక్షకులు వచ్చినప్పుడు, పందెగాండ్రు మరునాడు సైకిళ్లు దిగి నడచి తమ నిరసన తెలిపియుండిరి. తమ ప్రాణరక్షణకై వచ్చినవారిని వారు పగవారినిగా చూచిరి.

కాలక్రమమున మందులు మారినవి. రక్తములో ఎర్రకణములను పెంచుమని ఎముకలలోని మూలుగను ప్రేరేపించు ద్రవ్యమొకటి మూత్రపిండములలో పుట్టును. ఆ పిండములు చెడినవారికి రక్తహీనత కలుగును. అట్టి రోగులకై శాస్త్రజ్ఞులు ఆ ద్రవ్యమును కృత్రిమముగా తయారుచేసిరి. దానినే ఇ.పి.ఓ. అందురు. ఎర్రకణములు పెరిగినచో కండరములకు ప్రాణవాయువు హెచ్చుగా అందును. కాని రక్తము చిక్కబడి, గుండెకు ముప్పు కలుగును. రోగికి జీవధారయైన మందు పందెగాని చేతిలో రహస్యాయుధమైనది. దానిని కనిపెట్టు పరీక్ష చాలకాలము లేకుండెను. 1997లో అంతర్జాతీయ సైకిలు సంఘము రక్తములో కణభాగము నూటికి 50 పాళ్లకు మించరాదని హద్దు విధించెను. మించినవాడు కొలదిదినములు విశ్రాంతి తీసికొనవలెను. ఆ హద్దు మందు వాడుటను ఆపలేదు. ఎంతవరకు వాడవచ్చునో తెలిపినట్లయినది.

1998 జూలైలో, పందెము ప్రారంభమగుటకు మూడు దినములు ముందు, ఫెస్టీనా జట్టు పరిచారకుడు విల్లీ వూట్ నడుపుచున్న కారును బెల్జియము సరిహద్దు వద్ద సుంకపు అధికారులు ఆపి చూడగా, అందు వందలకొలది మందుసీసాలు దొరికినవి. విచారణలో గుట్టంతయు బయటపడెను. మందుల వాడకము వైద్యుల పర్యవేక్షణలో ఒక పద్ధతి ప్రకారము జరిగినదని జట్టు నిర్వాహకుడే ఒప్పుకొనెను. జట్టునంతటిని పందెమునుండి వెడలగొట్టిరి. ఆ జట్టులోనివాడే బాసోన్స్. అతడు మాత్రము మందు ముట్టలేదని విచారణలో పలికినవారు అతని సహచరులే. అప్పటినుండి పత్రికలు అతనికి శుభ్రుడను అర్థము వచ్చు బిరుదునిచ్చినవి. అది పొగడ్తయైనను, తోటివారి చెవికి ఎత్తిపొడుపువలె వినబడెను.

మరుసటి యేటి పందెమును నిర్వాహకులు పునరుజ్జీవన యాత్రయని చాటిరి. బాసోన్స్ వేరొక జట్టున చేరి అందు పాల్గొనెను. ఆల్ప్ ద్యుయెజ్ మార్గమున జరిగిన అవమానము తరువాత అతని జట్టులోనివారును అతనికి అండగా నిలువలేదు. రెండు దినములు గడచినంతనే అతడు పందెము విడిచి ఇల్లు చేరెను. 2001లో ఆ వృత్తికే స్వస్తి చెప్పెను. ఆర్మ్‌స్ట్రాంగ్ ఆ యేడు గెలిచి, 2005 వరకు వరుసగా ఏడుమారులు విజేత యయ్యెను. క్యాన్సరు వ్యాధిని జయించి వచ్చినవాడగుటచే లోకమతనిని ఆరాధించెను.

2012 అక్టోబరులో అమెరికా డోపింగు నిరోధక సంస్థ తన నివేదికను ప్రకటించెను. ఇరువదియారుగురు సాక్ష్యమిచ్చిరి, వారిలో పదునొకండుగురు అతని పూర్వపు సహచరులు. 1999లోనే అతని మూత్రమున నిషిద్ధమైన ఒక మందు జాడ కనబడగా, వెనుకటి తేది వేసిన వైద్యుని చీటితో దానిని కప్పిపుచ్చిరని ఒక సాక్షి చెప్పెను. నివేదికకు సమాధానముగా అతని ఏడు విజయములును రద్దయినవి. 2013 జనవరిలో అతడు టెలివిజనుముందు తప్పు ఒప్పుకొనెను. అప్పుడతడు చెప్పిన సంగతి యొకటి శ్రద్ధగా గమనింపదగినది. మోసమను పదమునకు అర్థము నిఘంటువులో వెదకితిననియు, ప్రత్యర్థులకు లేని లాభమును పొందుట మోసమని అందున్నదనియు, అందరును సమానస్థితిలోనే యున్నారు గనుక ఆనాడది తనకు మోసముగా తోచలేదనియు చెప్పెను.

ఈ సమాధానము ఉపాధ్యాయులకు చిరపరిచితము. పరీక్షలో చీటీ పెట్టి పట్టుబడిన బాలుడు చెప్పునది యిదియే. అందరును చూచి వ్రాయుచున్నప్పుడు తానొక్కడు వ్రాయకున్న నష్టపోవును గదా యని అడుగును. ఈ వాదమున కొంత సత్యము లేకపోలేదు. పల్లెనుండి వచ్చిన యువకుడు, చదువు చాలించి సైకిలునే నమ్ముకొన్నవాడు, వచ్చే యేటికి జట్టు ఒప్పందము నిలుచునో నిలువదో తెలియనివాడు, పెద్దలును వైద్యులును కలిసి చేయిచాపినప్పుడు వలదనుట తేలికపని కాదు. ఆ పాపమున వైద్యునకు భాగమున్నది. నిర్వాహకునకు భాగమున్నది. చూచియు చూడనట్లుండిన సంఘమునకు, వీరగాథలు కావలెనని కోరిన పత్రికలకు, ప్రేక్షకులకును భాగమున్నది.

కాని భాగస్వాములు పెరిగినంత మాత్రమున ఎవరి వంతు తరుగును? నలుగురు కలసి మోసిన బరువు నలుగురికిని తేలిక యగును. నలుగురు కలసి చేసిన తప్పు అట్లు కాదు. ప్రతివానికిని అది నిండుగానే చెందును. సూది గుచ్చుకొనుటకు చాచిన చేయి ఎవరిదో వారిదే. అందరును అని ఆర్మ్‌స్ట్రాంగ్ చెప్పిన మాటకు బాసోన్స్ ఉనికియే ప్రతివాదము. ఆ గుంపులో వలదన్నవాడొకడున్నాడు గనుక, వలదనుట సాధ్యమని తేలినది. ప్రత్యర్థులకు లేని లాభమనగా ఏమో నిఘంటువులో వెదక నక్కరలేదు. భుజము ప్రక్కన సైకిలు త్రొక్కుచున్న యువకుని చూచిన చాలును. అతడు ఎవరి పేరును చెప్పకపోయినను అందరికిని కంటిలో నలుసైనది ఇందుచేతనే. నిందించువానికి జవాబు చెప్పవచ్చును. తప్పు చేయక ప్రక్కన నిలిచినవానికి చెప్పగల జవాబు లేదు.

అసత్యము బయటపడిన తరువాత దాని ఫలము అసత్యమాడినవారితో ముగియదు. 2015వ సంవత్సరమున పందెము నడుచుచుండగా, బ్రిటిషు వీరుడు క్రిస్ ఫ్రూమ్, ఎవరో త్రోవప్రక్కనుండి మందు తిన్నవాడవని కేకవేయుచు తనపై మూత్రము చల్లిరని చెప్పెను. ఆనాటికి అతనిపై ఋజువైన నేరమేదియు లేదు. 2017లో అతని పరీక్షలో ఉబ్బసపు మందు పరిమితికి మించి కనబడెను. తొమ్మిది నెలల విచారణ తరువాత 2018లో సంఘము అతడు నిర్దోషియని తేల్చెను. తేల్చినను నమ్మనివారు నమ్మలేదు. ఒకప్పుడు ప్రశ్నింపవలసిన చోట కన్నులు మూసికొన్న లోకము, తరువాత ప్రతివానిని దొంగగా చూడసాగెను. ప్రశ్న వేయుట వేరు, మూత్రము చల్లుట వేరు. బాసోన్స్ చేసినది మొదటిది.

ఈ చిక్కులకు పరిష్కారముగా ఏర్పడినదే కఠిన బాధ్యతా సూత్రము. 1999లో స్థాపితమైన ప్రపంచ డోపింగు నిరోధక సంస్థ నియమావళి 2004లో అమలునకు వచ్చెను. పందెగాని దేహమున నిషిద్ధద్రవ్యము కనబడినచో, అది ఎట్లు చేరినను, జవాబుదారి అతడే. 2010లో విజేతయైన స్పెయిను వీరుడు ఆల్బెర్టో కొంటడోర్ మూత్రమున క్లెన్‌బ్యుటరాల్ అను మందు అత్యల్పముగా కనబడెను. తాను తిన్న మాంసమే కారణమని అతడు వాదించెను. కలుషితమైన ఆహారపూరకము వలన వచ్చియుండుటకే హెచ్చు అవకాశము గలదని క్రీడా న్యాయస్థానము 2012లో అభిప్రాయపడెను. అయినను బిరుదమును తీసివైచెను. ఇది క్రూరమని తోచవచ్చును. కాని తెలియక జరిగినదను మాట ఒక్కటే చాలినచో, తెలిసి చేసిన ప్రతివాడును దానినే చెప్పును. ఆ తలుపు మూయుటకై నిర్దోషి యొక్క వ్రేలు కూడ ఒక్కొక్కప్పుడు నలుగుచున్నది.

ఆ నలుగుడు బాసోన్సుకును తప్పలేదు. వృత్తి విడిచిన పిదప అతడు ఫ్రెంచి ప్రభుత్వ క్రీడాశాఖలో చేరి, డోపింగు నిరోధక కార్యమునందే పనిచేయుచుండెను. 2012లో సరదాకై పాల్గొన్న ఒక కొండదారి సైకిలు పందెమును అలసి మధ్యలో మానుకొని పోయెను. పరీక్షకు పిలువబడినవారిలో తన పేరుండుటచే, హాజరు కానందుకు ఒక సంవత్సరము నిషేధము విధించిరి. అప్పీలు మీదట అది ఒక నెలకు తగ్గినది. మందు ముట్టనివాడని దేశమంతయు ఎరిగిన వ్యక్తికిని నియమము మినహాయింపు నీయలేదు. కీర్తిని చూచి విడిచిపెట్టు పద్ధతియే ఆర్మ్‌స్ట్రాంగును అన్ని యేండ్లు కాపాడినదని తలచినచో, ఈ కఠినత్వమునకు అర్థము తెలియును.

టూర్ ద ఫ్రాన్స్ విజేతల పట్టికలో 1999 మొదలు 2005 వరకు గల ఏడు సంవత్సరముల కెదురుగా ఎవరి పేరును లేదు. రెండవస్థానము వారికి ఆ గౌరవము నిచ్చుటకు అంతర్జాతీయ సంఘము సాహసింపలేదు. ఆ కాలమంతయు అనుమానపు మబ్బు క్రమ్మియున్నదని ఒప్పుకొనెను. ఆ గుంపులలో నిజాయితీగా సైకిలు త్రొక్కినవారు ఎందరో యుండవచ్చును. వారెవరో పట్టిక చెప్పలేదు. వారు తమలో తాము ఎరుగుదురు. 1999వ యేటి పందెమున గమ్యము చేరనివారి జాబితాలో మాత్రము క్రిస్టోఫ్ బాసోన్స్ అను పేరు స్పష్టముగా నున్నది.