ఒక్క సంకేతం... పలువురికి ఆధారం

మొబైల్ టవర్ నుంచి ఫోన్‌కు చేరే రేడియో తరంగాల్లో ఉండేది మాటలూ వీడియోలూ మాత్రమే కాదు. మధ్యమధ్యలో ఫోన్‌కు ముందే తెలిసిన సంకేతాలు కూడా వస్తుంటాయి. వీటినే రిఫరెన్స్ సిగ్నళ్లు అంటారు. టవర్ ఏం పంపిందో ఫోన్‌కు తెలుసు, తనకు ఏం అందిందో కొలుచుకుంటుంది. ఆ రెండింటి తేడాను బట్టి దారిలోని గోడలూ చెట్లూ వాహనాలూ తరంగాన్ని ఎలా మార్చాయో లెక్కగడుతుంది. ఈ లెక్క కుదరకపోతే అసలు సమాచారం విప్పడం సాధ్యం కాదు. అయితే రిఫరెన్స్ సిగ్నల్ కూర్చున్న చోట డేటాకు చోటుండదు. అందుకే వీలైనంత తక్కువ సిగ్నళ్లతో వీలైనంత మందికి పని జరిపించడం నెట్‌వర్క్ రూపకర్తలకు పెద్ద పరీక్ష.

4జీలో ఈ ఖర్చు బాగా ఎక్కువ. నాలుగు యాంటెన్నా పోర్టులున్న సెల్‌లో, సమయం-పౌనఃపున్యాల పట్టికలోని ప్రతి 168 గడులకు 24 గడులు, అంటే 14 శాతానికి పైగా, సెల్ రిఫరెన్స్ సిగ్నల్‌కే పోతాయి. పైగా అది బ్యాండ్ అంతటా వస్తూనే ఉంటుంది. అర్ధరాత్రి సెల్ పరిధిలో ఎవరూ ఫోన్ ముట్టకపోయినా ఆగదు. 2018లో పూర్తయిన 5జీ తొలి ప్రమాణం, రిలీజ్ 15, ఆ సిగ్నల్‌ను పూర్తిగా తొలగించింది. 5జీలో జరిగిన మార్పులన్నిటిలో ఇంతకంటే సాహసమైనది లేదనే చెప్పాలి. ఇప్పుడు క్రమం తప్పకుండా వచ్చేది ఎస్ఎస్‌బీ అనే చిన్న సంకేతం ఒక్కటే. దాని వెడల్పు 20 రిసోర్స్ బ్లాకులు, అంటే సబ్‌క్యారియర్లనే సన్నని ఉపతరంగాల గుంపులు. సబ్‌క్యారియర్ల ఎడం 30 కిలోహెర్ట్జ్ అయితే 7.2 మెగాహెర్ట్జ్. మిగతా రిఫరెన్స్ సిగ్నళ్లను అవసరాన్ని బట్టే పంపుతారు.

అక్కడే కొత్త చిక్కు మొదలైంది. 4జీలో ఒక క్యారియర్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దాటేది కాదు. 5జీ మధ్యశ్రేణి బ్యాండ్లలో అది 100 మెగాహెర్ట్జ్ వరకూ పెరిగింది. అంత వెడల్పును నిరంతరం వింటూ కూర్చుంటే బ్యాటరీ నిలవదు. కొన్ని పరికరాలకైతే ఆ శక్తే ఉండదు. అందుకని క్యారియర్‌ను బ్యాండ్‌విడ్త్ పార్టులనే ముక్కలుగా చూపిస్తారు. ఒక్కో పరికరానికి డౌన్‌లింక్‌లో నాలుగు పార్టుల దాకా కేటాయించవచ్చు, కానీ ఒక్కో సెల్‌లో ఒక సమయంలో పనిచేసేది ఒక్కటే. 2022లో వచ్చిన రిలీజ్ 17 దీనికి తోడు రెడ్‌క్యాప్ పరికరాలను ప్రవేశపెట్టింది. స్మార్ట్‌వాచీలు, నిఘా కెమెరాలు, ఫ్యాక్టరీ సెన్సర్ల కోసం ఉద్దేశించిన ఇవి మధ్యశ్రేణిలో 20 మెగాహెర్ట్జ్‌కే పరిమితం. ఒకే సెల్‌లో ఫోన్ 273 బ్లాకులు వింటుంటే, పక్కనే ఉన్న కెమెరా 51 బ్లాకులే వింటుంది. ఎవరి ముక్కకు వారికి విడిగా సిగ్నళ్లు పంపితే 4జీ నాటి భారమే మళ్లీ నెత్తిన పడుతుంది.

దీనికి 5జీ ఎంచుకున్న మార్గం పాయింట్ ఏ. క్యారియర్ మొత్తానికీ ఉమ్మడి సున్నా అది. జాతీయ రహదారి మీద ఎవరు ఎక్కడ బండెక్కినా కిలోమీటరు రాళ్ల లెక్క ఒక్కటే అయినట్టు, పరికరం ఏ ముక్కలో ఉన్నా బ్లాకుల లెక్క పాయింట్ ఏ నుంచే సాగుతుంది. ఛానల్ స్థితిని కొలిచే సీఎస్ఐ-ఆర్ఎస్ అంకెల శ్రేణి కూడా అక్కడి నుంచే మొదలవుతుంది. కెమెరాకు కేటాయించిన ముక్క 112వ బ్లాకులో ఆరంభమైందనుకుందాం. కెమెరా శ్రేణిని సున్నా నుంచి లెక్కవేసి, ముందు భాగం వదిలేసి, 112వ బ్లాకుకు చెందిన అంకెలతో తనకు అందిన సిగ్నల్‌ను పోల్చుకుంటుంది. ఫోన్‌కూ ఆ చోట అవే అంకెలు. టవర్ 100 మెగాహెర్ట్జ్ పొడవునా ఒక్కసారి పంపితే ఇద్దరి పనీ జరిగిపోతుంది. సబ్‌క్యారియర్ల ఎడం, శ్రేణిని నిర్ణయించే స్క్రాంబ్లింగ్ సంఖ్య ఇద్దరికీ ఒకటే కావాలన్నది షరతు. శ్రేణి ఆరంభాన్ని ఎవరి ముక్కలో వారికి పెట్టి ఉంటే ఈ వెసులుబాటు దక్కేది కాదు.

సిగ్నళ్లను పంచుకునే ఇంకో పద్ధతి క్వాజీ కో-లొకేషన్. ఒక ముక్కలో కొలిచిన గుణాలు మరో ముక్కలోని సిగ్నల్‌కూ వర్తిస్తాయని టవర్ ఫోన్‌కు చెప్పడమే ఇది. ఆ ఆదేశంలో ఆధార సిగ్నల్ ఏ సెల్‌లో, ఏ బ్యాండ్‌విడ్త్ పార్టులో ఉందో రాయడానికి విడిగా స్థానముంది. దీనికి బలం భౌతికశాస్త్రమే. గంటకు 72 కిలోమీటర్ల వేగంతో టవర్ వైపు వెళ్లే కారులో, 3.5 గిగాహెర్ట్జ్ దగ్గర డాప్లర్ మార్పు సుమారు 233 హెర్ట్జ్. అక్కడి నుంచి 40 మెగాహెర్ట్జ్ అవతలి ముక్కకు జరిగినా తేడా మూడు హెర్ట్జ్ కూడా రాదు. సగటు ఆలస్యం కూడా దాదాపు అలాగే ఉంటుంది.

కానీ ఛానల్ బలం సంగతి వేరు. నేరుగా వచ్చే తరంగానికీ, భవనానికి తగిలి వచ్చే తరంగానికీ దారి తేడా 300 మీటర్లుంటే ఒక మైక్రోసెకను ఆలస్యమవుతుంది. అప్పుడు ప్రతి మెగాహెర్ట్జ్‌కూ సిగ్నల్ ఒకసారి ఎగసి, ఒకసారి పడిపోతుంది. ఒక ముక్కలో బాగున్న సిగ్నల్‌ను చూసి 40 మెగాహెర్ట్జ్ అవతలి సంగతి ఊహించడం కుదరదు. అందుకే సీఎస్ఐ కొలత పనిచేస్తున్న ముక్కకే పరిమితం. ముక్క మారితే కొలతా కొత్తగా మొదలవ్వాలి.

రెడ్‌క్యాప్ విషయంలో ఈ పొదుపు కొంత సడలింది. ఇరుకైన ముక్కలో ఎస్ఎస్‌బీ లేకపోతే పరికరం కొలతల కోసం మాటిమాటికీ బయటికి వెళ్లి రావాలి. దాన్ని తప్పించడానికి రిలీజ్ 17 ఆ ముక్కలోనే అదనపు ఎస్ఎస్‌బీ పంపేందుకు అనుమతిచ్చింది. అసలుదానికి ఉన్న సెల్ గుర్తింపే దీనికీ ఉంటుంది. అయితే అసలుదానికంటే తరచుగా రాకూడదు. ఉదాహరణకు అసలుది 20 మిల్లీసెకన్లకోసారి వస్తే ఇది అంతకంటే ఎక్కువ వ్యవధిలోనైనా రావచ్చు. స్పెక్ట్రం కొంత ఖర్చయినా, చిన్న బ్యాటరీతో నడిచే పరికరానికి ఇది న్యాయమైన రాజీ.

అదే రిలీజ్ 17 సిగ్నళ్లను పంచుకునే పద్ధతిని నిద్రలో ఉన్న ఫోన్లకూ విస్తరించింది. కాల్‌లోనో డేటాలోనో ఉన్నవారి కోసం టవర్ ఎలాగూ పంపుతున్న ట్రాకింగ్ సిగ్నళ్ల వివరాలను ఎస్ఐబీ17 అనే ప్రసార సందేశంలో ప్రకటిస్తుంది. తనను పిలిచే పేజింగ్ సందేశం చూసేందుకు క్షణకాలం లేచిన ఫోన్ వాటితోనే సమయం సరిచేసుకుని తిరిగి నిద్రలోకి జారుకుంటుంది. ఇందుకోసం టవర్ అదనంగా ఒక్క రిఫరెన్స్ సిగ్నల్ కూడా పంపనక్కర్లేదు.