పేరొకటే, మనుషులు వేరు: ఈ-మెయిల్‌లో డైరెక్టరీ శోధన

శామీర్‌పేట దగ్గర ఒక అలియాబాద్ ఉంది. హైదరాబాదు పాతబస్తీలో శాలిబండ అవతల మరొక అలియాబాద్ ఉంది. ఉత్తరమైతే పిన్‌కోడు చూసి తపాలావారు తేల్చుకుంటారు. ఈ-మెయిల్‌లో తేల్చుకోవలసినవాడు పంపేవాడే.

శామీర్‌పేట అలియాబాద్‌లోని ఒక కుటుంబం ఆస్తి పంపకాన్ని గూర్చి అడిగిన ప్రశ్నను, ఒక విద్యాసంస్థ ఉద్యోగి తమ ముఫ్తీ ముహమ్మద్ అలీగారికి పంపవలసి ఉందనుకుందాం. అదే పేరుగల గుమాస్తా కూడా అక్కడే ఉండవచ్చు. పొరపాటు జరిగితే ఒక ఇంటి గుట్టు పరాయివాని చేతిలో పడుతుంది. ఆ ఉత్తరం అమానతు.

సంస్థలోని వారి పేర్లు, హోదాలు, శాఖలు, చిరునామాలు ఒక సర్వర్‌లో ఉంచి, ఈ-మెయిల్ ప్రోగ్రాం ద్వారా అడిగి తెలుసుకునే పద్ధతికి ఎల్‌డీఏపీ అని పేరు. 1993లో అమెరికాలోని మిషిగన్ విశ్వవిద్యాలయంలో దీనికి రూపం వచ్చింది. థండర్‌బర్డ్ వంటి ప్రోగ్రాంలో అడ్రస్ బుక్ తెరచి కొత్త ఎల్‌డీఏపీ డైరెక్టరీని చేర్చాలి. దానికొక పేరు, సర్వర్ పేరు, బేస్ డీఎన్, పోర్టు సంఖ్య ఇవ్వాలి. బేస్ డీఎన్ అంటే సంస్థ అనే చెట్టులో ఏ కొమ్మ నుండి వెతకాలో తెలిపే గుర్తు. దీనిని ఊహించి రాయరాదు, నిర్వాహకుని అడగాలి. పోర్టు మామూలుగా 389, గుప్తీకరణతో 636. గుప్తీకరణ లేకపోతే ప్రశ్నా జవాబూ దారిలో ఇతరుల కంటపడవచ్చు. ఆ తరువాత ఉత్తరం రాసే సెట్టింగులలో డైరెక్టరీ సర్వర్‌ను ఎంపిక చేయాలి. ఇది మరచినవారికి డైరెక్టరీ ఉండి కూడా, చిరునామా గడిలో పేర్లు రావు.

ఇంతవరకు సులువే. చిక్కంతా పేరులో ఉంది. ముహమ్మద్ అనే పేరును ఆంగ్లంలో కొందరు 'యు'తో, కొందరు 'ఓ'తో, మరికొందరు 'ఎండీ' అని రెండక్షరాలతో రాస్తారు. యంత్రం అక్షరాలను పోలుస్తుందే కాని మనిషిని ఎరగదు.

హదీసు వేత్తలకు ఈ చిక్కు కొత్తది కాదు. ఒకే పేరుగల వేర్వేరు ఉల్లేఖకులను విడదీయడానికే ఖతీబ్ బగ్దాదీ (మరణం హి. 463) ప్రత్యేక గ్రంథం రాశారు. ఇబ్నె హజర్ గారి తహ్‌జీబుత్తహ్‌జీబ్‌లో అసలు పేర్ల తరువాత కునియత్‌లకు వేరే భాగముంది. 'అబూ ఫలానా' అని మాత్రమే తెలిసినవాడు కూడా అక్కడి నుండి అసలు పేరును చేరుకోగలడు. పన్నెండు సంపుటాల ఆ గ్రంథాన్ని హి. 1325-27లో అచ్చువేసింది మన హైదరాబాదులోని దాయిరతుల్ మఆరిఫే.

ఎల్‌డీఏపీలోనూ అటువంటి సౌకర్యమున్నది. 'సీఎన్' అనే పేరు గడిలో ఒకే మనిషికి ఎన్ని రూపాలైనా నమోదు చేయవచ్చు. నిర్వాహకుడు మూడు వర్ణక్రమాలూ చేర్చితే దేనితో వెతికినా మనిషి దొరుకుతాడు. కాని దొరికినవాడు ఆ ముఫ్తీగారేనా? చిరునామా గడిలో తొలుత కనబడిన పేరును నొక్కక, అడ్రస్ బుక్‌లో ఆ పేరు తెరచి శాఖ, హోదా చూసి పంపాలి.