మీకు తెలుసా? మూడు బాణీలు, మూడు గ్రామీలు

అమెరికన్ గాయని, గీత రచయిత్రి లూసిండా విలియమ్స్ గెలుచుకున్న మూడు గ్రామీ అవార్డులూ మూడు వేర్వేరు సంగీత విభాగాలవి: కంట్రీ, ఫోక్, రాక్!

ఆమె 1953లో లూసియానా రాష్ట్రంలోని లేక్ చార్లెస్‌లో పుట్టారు. తండ్రి మిల్లర్ విలియమ్స్ పేరున్న కవి. 1997లో బిల్ క్లింటన్ రెండోసారి అధ్యక్షుడిగా ప్రమాణం చేసిన వేదికపై తన కవిత చదివారు.

1979లో వచ్చిన లూసిండా తొలి ఆల్బమ్‌లో ఉన్నవన్నీ పాత బ్లూస్, కంట్రీ పాటలే. సొంత రచనలు మరుసటి ఏడాది వచ్చాయి. అయినా పెద్ద రికార్డు కంపెనీలు ముందుకు రాలేదు. రాక్ వాళ్లకు ఆమె పాట మరీ కంట్రీగా, కంట్రీ వాళ్లకు మరీ రాక్‌గా వినిపించింది. చివరికి 1988లో ‘రఫ్ ట్రేడ్’ అనే చిన్న బ్రిటిష్ సంస్థ ఆమె ఆల్బమ్‌ను విడుదల చేసింది. అందులోని ‘ప్యాషనేట్ కిసెస్’ను మేరీ చాపిన్ కార్పెంటర్ పాడి హిట్ చేయగా, రాసినందుకు లూసిండాకు 1994లో ఉత్తమ కంట్రీ గీతం గ్రామీ దక్కింది.

1998 నాటి ‘కార్ వీల్స్ ఆన్ ఎ గ్రావెల్ రోడ్’ ఆల్బమ్ కోసం అభిమానులు ఆరేళ్లు ఎదురుచూశారు. నచ్చేదాకా ఆమె రికార్డింగ్‌ను మళ్లీ మళ్లీ చేయించారు. ఆ పట్టుదలకు ఫోక్ గ్రామీ వచ్చింది. 2002లో రాక్ గ్రామీ కూడా చేరింది.

2020 నవంబరులో పక్షవాతం రావడంతో ఆమె గిటార్ వాయించలేకపోయారు. అయినా మరుసటి ఏడాదే వేదికెక్కి పాడారు. 2023లో 70 ఏళ్ల వయసులో కొత్త ఆల్బమ్‌నూ, ఆత్మకథనూ వెలువరించారు.